వాడ రాతలు - 23: తడి రాయికి డాంబరు అంటదు



పోయిన భాగంలో శ్మశాన భూముల గురించి రాశాను. దాని మీద రాయాల్సింది ఇంకా ఉంది. కానీ ఈ వారం రోడ్డు గురించి రాస్తున్నా. కారణం ఉంది. మా ఊరి నుంచి మా వాడకు పోయే బీటీ రోడ్డు మళ్లీ మంజూరైంది. ఇది మూడోసారి. మొదటి రెండుసార్లు వేసిన రోడ్లు రెండో వానాకాలం దాటలేదు. ఈసారి దాటాలంటే ఏం చూడాలో మా వాడ పిల్లలకు చెప్పడానికి రాసుకున్న నోట్సు ఇది. మీ వాడకూ పనికొస్తుందని ఇక్కడ పెడుతున్నా. కొంచెం పొడుగు. ఓపిగ్గా చదవండి.

ప్రతి వానాకాలం మనవాళ్లు రోడ్డు గుంతల్లో వరినాట్లు వేసి ఫోటోలు పెడతారు. మంచిదే. నేనూ వేశాను. పేపర్ జిల్లా పేజీలో వస్తుంది. రెండు రోజులకు ఎవరో వచ్చి గుంతలో ఇంత మొరం పోసి పోతారు. మనం "కాంట్రాక్టర్ తిన్నాడు" అంటాం. సరే, ఏం తిన్నాడు, ఎక్కడ తిన్నాడు అని ఏఈ ఎదురు అడిగితే? "డాంబరు తక్కువ పోశారు సార్" అంటాం. ఆయన నవ్వి ఎంబీ తీసి చూపిస్తాడు. అందులో డాంబరు లెక్క సరిగ్గానే ఉంటుంది. అక్కడితో మన నోరు పడిపోతుంది.

డాంబరు గ్రాము కూడా తగ్గించకుండా రోడ్డును తినొచ్చు. వేడిని తినొచ్చు. రోలర్ తిరగాల్సిన తిరుగుళ్లను తినొచ్చు. పక్కన తవ్వాల్సిన కాలువను తినొచ్చు. ఇవేవీ రిబ్బన్ కట్ చేసిన రోజు కంటికి కనపడవు. అన్నిటినీ వాన వచ్చి బయటపెడుతుంది.

ఈ సంగతులు నాకు రెండు దారుల్లో తెలుసు. ఒకటి మా అమ్మ. మాది పాలమూరు. పాలమూరు లేబర్ తవ్వని డ్యామూ, వేయని రోడ్డూ ఈ దేశంలో తక్కువ. మా అమ్మ గుంపు మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకుని పదకొండేండ్లు రోడ్డు పనికి పోయింది. కాళ్లకు గోనె పట్టాలు చుట్టుకుని, నెత్తిన ఇనుప తట్టలో పొగలు కక్కే మాలు మోసింది. ఇంకోటి నా చదువు. పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చేసి, ఒక రోడ్డు కంపెనీ క్వాలిటీ ల్యాబ్‌లో రెండేండ్లు పనిచేశా. ఆ ల్యాబ్‌లో ఆడపిల్లను నేనొక్కదాన్నే.

పుస్తకంలో ఒక అధ్యాయం మొత్తం చెప్పిన విషయాన్ని అమ్మ ఒక్క మాటలో చెప్పేది. "తడి రాయికి డాంబరు అంటదు బిడ్డా." ఆ ఒక్క మాటను విప్పితే సగం రోడ్డు ఇంజనీరింగు వస్తుంది. విప్పుదాం.

రాయి, డాంబరు, నీళ్లు

ముందు ఒక మాట. మనం డాంబరు అంటాం, ఆంధ్ర వైపు తారు అంటారు, కాగితాల్లో బిటుమెన్ అని ఉంటుంది. ముడి చమురు నుంచి పెట్రోలు, డీజిల్ లాంటివి తీసేశాక అడుగున మిగిలే జిగురు అది. బీటీ రోడ్డులో బరువు లెక్కన నూటికి తొంభై వంతులకు పైగా రాయే. డాంబరు అయిదారు వంతులు, అటూ ఇటూ. ఆ కొంచెం జిగురే అంత రాయినీ పట్టి ఉంచాలి.

చిక్కేంటంటే, రాయికి డాంబరు కంటే నీళ్లంటేనే ఇష్టం ఎక్కువ. రాయి ఒంటి మీద నీళ్లూ డాంబరూ పోటీ పడితే గెలిచేది నీళ్లే. డాంబరు పొర పలుచగా ఉన్న చోటో, రాయి అంచు దగ్గర చిరిగిన చోటో నీళ్లు లోపలికి దూరి డాంబరును రాయి నుంచి ఒలిచేస్తాయి. దీన్ని ఇంజనీర్లు స్ట్రిప్పింగ్ అంటారు. మన తెలంగాణలో దొరికేది ఎక్కువగా గ్రానైటు రాయి. సిలికా ఎక్కువ ఉన్న ఇలాంటి రాయికి ఈ జబ్బు ఎక్కువ. తాండూరు బండ లాంటి సున్నపురాయికి డాంబరు గట్టిగా అంటుకుంటుంది. అందుకే గ్రానైటు కంకర వాడేటప్పుడు నూటికి ఒకటి రెండు వంతులు తడి ఆర్చిన సున్నం పొడి కలపడం, లేదా డాంబరులో అంటుకునే మందు కలపడం ఉంది.

దీనికి పరీక్షలూ ఉన్నాయి. డాంబరు పట్టించిన కంకరను 40 డిగ్రీల నీళ్లలో 24 గంటలు నానబెట్టి చూస్తారు. నూటికి 95 వంతుల రాయి మీద డాంబరు నిలబడాలి. ఇంకో పరీక్షలో రోడ్డు మిశ్రమాన్ని దిమ్మెలుగా చేసి, కొన్నిటిని పొడిగా, కొన్నిటిని నీళ్లు తాగించి చీలగొడతారు. నీళ్లు తాగిన దిమ్మెకు పొడి దిమ్మె బలంలో కనీసం 80 శాతం ఉండాలి. అంటే నీళ్లు తగిలితే బలం తగ్గుతుందని అందరికీ తెలుసు. ఎంతవరకు తగ్గొచ్చో హద్దు కూడా రాసిపెట్టారు.

ఒలవడం ఒక్కటే కాదు. పగుళ్లలో నీళ్లు నిండి ఉన్నప్పుడు ట్రాక్టర్ టైరు ఎక్కితే ఆ నీళ్లు ఒత్తిడితో లోపలికి చొచ్చుకుపోతాయి. టైరు దాటగానే పైకి లాగబడతాయి. మళ్లీ టైరు, మళ్లీ తోపు, మళ్లీ లాగుడు. చాకిరేవులో బట్ట ఉతికినట్టు రోడ్డును లోపలి నుంచి ఉతుకుతాయి. ఈ పని తరచుగా పొర అడుగున మొదలై పైకి వస్తుంది. అందుకే పైన నల్లగా బాగానే కనపడే రోడ్డు ఒక్క రాత్రి వానకు గుంత పడినట్టు ఉంటుంది. అది ఒక్క రాత్రి పని కాదు, నెలల పని. మనకు కనపడింది ఆ రాత్రి.

నీళ్లు పై నుంచే రావు. కంకరలో ముందే ఉండొచ్చు. వాన తడిసిన కంకర కుప్పను ప్లాంటులో సరిగ్గా ఆరబెట్టకుండా కలిపితే లోపలి తడి ఆవిరై డాంబరును అంటనివ్వదు. పైగా ఆ తడిని ఆవిరి చెయ్యడానికే మంట ఖర్చయి మాలు వేడి తగ్గుతుంది. కింది పొర తడిగా ఉన్నా, వాన పడుతున్నా, నీళ్లు నిలిచి ఉన్నా పని ఆపాలని కేంద్ర రోడ్డు రవాణా శాఖ ప్రమాణాల్లోనే ఉంది. అయినా మార్చి నెలాఖరు బిల్లు కోసమో, మంత్రి పర్యటన కోసమో చినుకుల్లో రోడ్డు వేయడం మీలో ఎంతమంది చూసి ఉంటారు?

జొన్నరొట్టె లెక్క

ఇక రోలింగు. ఇది అర్థం కావాలంటే జొన్నరొట్టె చేసే చెయ్యిని చూడండి. వేడినీళ్లు పోసి కలిపిన పిండి వేడి మీద ఉండగానే తట్టాలి. చల్లారిందా, అంచులు పగులుతాయి. ఎంత బలంగా తట్టినా కలవదు. డాంబరు మాలుదీ ఇదే కథ.

మన దగ్గర ఎక్కువగా వాడే వీజీ-30 రకం డాంబరుకు ప్రమాణాల్లో లెక్క ఇట్లా ఉంది. ప్లాంటులో కలిపినప్పుడు 150 నుంచి 165 డిగ్రీలు. రోడ్డు మీద పరిచేటప్పుడు 140కి తగ్గొద్దు. 90 డిగ్రీలకు దిగేలోపు రోలింగు అయిపోవాలి. ఆ తర్వాత రోలర్ వందసార్లు తిరిగినా రాళ్లు దగ్గరికి జరగవు. మీరు చూసేది రోలర్ షికారు. పైగా పలుచటి పొర నిమిషాల్లో చల్లారుతుంది. మన వాడ రోడ్లన్నీ పలుచటి పొరలే. గాలి వీస్తే ఇంకా తొందరగా చల్లారుతుంది. కాబట్టి మాలు పరుస్తుండగానే రోలర్ వెనకే ఉండాలి. టిప్పర్ మీద టార్పాలిన్ కప్పాలి. ప్లాంటు దూరమైతే ఇంకా జాగ్రత్త పడాలి.

రోలింగు దేనికి? రాళ్ల మధ్య గాలి ఖాళీలు తగ్గించడానికి. పెద్ద రోడ్ల మీద వేసే దట్టమైన మిశ్రమాన్ని ల్యాబ్‌లో సమ్మెటతో ఒక్కో వైపు 75 దెబ్బలు కొట్టి దిమ్మె చేస్తే నూటికి 3 నుంచి 5 వంతుల గాలి ఉండేట్టు చూస్తారు. రోడ్డు మీద రోలింగు అయిన రోజు 6, 7 ఉంటే పర్వాలేదు, మిగిలింది బండ్లు తొక్కి సర్దుతాయి. 8 దాటితేనే అసలు సమస్య. అప్పటిదాకా విడివిడిగా ఉన్న గాలి బొక్కలు ఒకదానికొకటి కలిసి దారులవుతాయి. ఆ దారుల్లో నీళ్లు నడుస్తాయి. లోపలికి పోయిన నీళ్లు తేలిగ్గా బయటికి రావు. ఖాళీ ఒక శాతం పెరిగితే రోడ్డు ఆయుష్షు సుమారు పదో వంతు తగ్గుతుందని ఇంజనీర్లు మోటుగా లెక్క చెప్తారు.

అట్లాగని ఎంత తొక్కితే అంత మంచిదనుకోవద్దు. ఖాళీ 3 కంటే తగ్గితే ఎండాకాలం డాంబరు ఉబ్బడానికి చోటు లేక పైకి తేలుతుంది. టైరు జాడలు పడతాయి. మే నెల ఎండలో చెప్పు అంటుకుని ఊడొచ్చే రోడ్లు చూశారు కదా, అందులో కొన్ని ఇట్లాంటివే. కొలత మనిషి ఇష్టం మీద ఉండదు. అటు ఎక్కువ కాకూడదు, ఇటు తక్కువ కాకూడదు.

మన పల్లె రోడ్లలో ఇంకో మెలిక ఉంది. చాలా చోట్ల వేసేది 20 మిల్లీమీటర్ల ప్రీమిక్స్ కార్పెట్. అది పుట్టుకతోనే బొక్కల మిశ్రమం. సన్న పొడి తక్కువ, చిప్స్ ఎక్కువ. అది నీళ్లను ఆపదు. దాని పైన వేసే సీల్ కోటే దానికి గొడుగు. సీల్ కోటు ఎగ్గొట్టినా, తూతూమంత్రంగా వేసినా, మనం గొడుగు లేకుండా వానలో నిలబడ్డట్టే. కార్పెట్ వేసి, ఫోటో దిగి, "సీల్ కోటు తర్వాత వేస్తాం" అని వెళ్లిపోతే ఆ తర్వాత అనేది రాకముందే వాన వస్తుంది.

అదే డాంబరు, అదే రాయి

ల్యాబ్‌లో పనిచేసేటప్పటి సంగతి ఒకటి. ఊరు పేరు, కంపెనీ పేరు వద్దు. పొద్దున్నుంచి మెయిన్ రోడ్డు పని బాగా నడిచింది. మాలు 150 పైన వచ్చింది, రోలర్ వెనకే తిరిగింది. చీకటి పడే వేళకు ఎస్సీ కాలనీలోకి పోయే ముక్క మిగిలింది. టిప్పర్ గంటన్నర నిలబడి ఉంది. టార్పాలిన్ లేదు. థర్మామీటర్ గుచ్చితే 96. వెనక్కి పంపాలని చెప్పాను. సైట్ మనిషి, "లోపలి రోడ్డే కదమ్మా, అక్కడ లారీలు తిరుగుతాయా ఏంది, పరవనీ" అన్నాడు. పరిచారు. రిజిస్టర్‌లో నేను 96 రాశాను. నా సొంత నోటుబుక్కులోనూ రాసుకున్నా. మరుసటి రోజు రిజిస్టర్‌లో 9 కాస్తా 4 అయింది, దాని ముందు ఒకటి చేరింది. 146.

ఏడాదిన్నర తర్వాత అటు పోయినప్పుడు చూశాను. మెయిన్ రోడ్డు నల్లగా నిలబడి ఉంది. కాలనీ ముక్క చిప్స్ లేచి కంకర తేలింది. అదే ప్లాంటు, అదే డాంబరు, అదే రాయి. తేడా అల్లా వేడి, రోలింగు, సాయంత్రం. ఎంబీ తీసి డాంబరు లెక్క చూస్తే రెండు చోట్లా ఒకటే.

ఆ రోజు ఎవరూ నోరు తెరిచి కులం పేరు ఎత్తలేదు. ఎత్తాల్సిన అవసరం లేదు. "లోపలి రోడ్డు" అన్న మాటలో అంతా ఉంది. ఏ టిప్పర్ ముందు ఖాళీ చేయాలి, ఏది చివర, ఏ మాలు వెనక్కి పంపాలి, ఏది పరిచేయొచ్చు, ఇట్లాంటి పది చిన్న నిర్ణయాల్లో కులం పనిచేస్తుంది. మనిషి మనిషినీ పట్టుకుని తిట్టుకుంటూ పోతే ఇది దొరకదు. అంకెల్లో వెతకాలి.

500 మీటర్లు

ఇంకో అంకె చెప్తాను. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన 2000 డిసెంబర్ 25న మొదలైంది. రోడ్డు లేని ఆవాసాలకు ఏడాది పొడవునా పనికొచ్చే రోడ్డు వేయడం దాని లక్ష్యం. చాలా ఊళ్లకు మేలు జరిగింది, కాదనను. కానీ రోడ్డు "లేదు" అనడానికి ఒక నిర్వచనం పెట్టారు. మైదాన ప్రాంతంలో, పక్కా రోడ్డుకో, రోడ్డున్న ఆవాసానికో కనీసం 500 మీటర్ల దూరంలో ఉంటేనే ఆ ఆవాసానికి రోడ్డు లేనట్టు. మా వాడ ఊరికి 400 మీటర్లు. మీ వాడ ఎంత? మన తాతల్ని ఊరికి ఎంత దూరంలో పెట్టారు? ఊరి పనికి పిలిస్తే పలికేంత దగ్గర, నీడ పడనంత దూరం. ఆ దూరం చాలా చోట్ల 500 లోపే. ఊరికి రోడ్డు పడితే కాగితం మీద మన వాడకూ పడినట్టే. బురదలో నడిచే పిల్లలకు ఆ కాగితం తెలియదు.

అందుకే మన వాడ రోడ్డు వేరే పద్దులో రావాలి. 2013లో ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన సబ్‌ప్లాన్ చట్టం, తెలంగాణలో దాని స్థానంలో 2017లో వచ్చిన ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం మనం కొట్లాడి తెచ్చుకున్నవి. అట్లా వచ్చిన 400 మీటర్ల పనికి నాలుగైదు టిప్పర్ల మాలు చాలు. అంత చిన్న పనికి ప్లాంటు ప్రత్యేకంగా నడపరు. పెద్ద పని చివర తోక లాగా తగిలిస్తారు. తోకకు చల్లారిన మాలు వస్తుంది.

ఇక నీళ్లు ఎటు పారతాయో చూడండి. చాలా ఊళ్లలో వాడ పల్లంలో ఉంటుంది. మనం తాకిన నీళ్లు వాళ్ల వైపు పోకూడదు, వాళ్లు వాడిన నీళ్లు మన వైపు రావచ్చు. ఊరి మురికి కాలువ వాడ మలుపు దగ్గరికి వచ్చి ఆగిపోతుంది, ఎందుకంటే కాలువ మంజూరు అక్కడివరకే. రోడ్డు కింది మట్టి బలం తెలుసుకోవడానికి ల్యాబ్‌లో ఆ మట్టిని 4 రోజులు నీళ్లలో నానబెట్టి పరీక్షిస్తారు. మా వాడ మలుపు దగ్గర మట్టి 365 రోజులూ నానుతుంది. దాని మీద బంగారం పరిచినా కుంగుతుంది. కాలువ లేకుండా రోడ్డు మంజూరు చేయడమంటే మళ్లీ పాడవడానికి మంజూరు చేయడమే.

నిరుడు ఆగస్టులో మా వాడ నుంచి నిండు గర్భిణిని మంచం మీద మోసుకుని ఆ మలుపు దాటించారు. 108 బండి అవతల నిలబడింది. తల్లీ బిడ్డా బాగున్నారు. ప్రతిసారీ బాగుంటారన్న భరోసా ఆ మలుపు ఇవ్వదు.

"అక్కా, ఆత్మగౌరవం గురించి మాట్లాడాల్సిన చోట డాంబరు డిగ్రీలేంది" అని ఒక తమ్ముడు అడిగాడు. తమ్ముడూ, మన చరిత్రలో రోడ్డు చిన్న విషయం ఎప్పుడూ కాదు. 1893లో కేరళలో అయ్యంకాళి ఎడ్లబండి ఎక్కి తనకు నిషేధించిన బాట మీద నడిపించాడు. 1924లో వైకోంలో సత్యాగ్రహం గుడి చుట్టూ ఉన్న రోడ్ల మీద నడిచే హక్కు కోసం. అప్పుడు రోడ్డు మీదికి రానివ్వలేదు. ఇప్పుడు రోడ్డే మన దగ్గరికి సరిగ్గా రావట్లేదు.

ఈసారి ఏం చేద్దాం

మా వాడ పిల్లలతో అనుకున్నవి ఇవి. మీరూ చేయొచ్చు.

ఒకటి. పని మొదలుకాకముందే ఆర్టీఐ పెట్టాలి. ఎస్టిమేటు, జాబ్ మిక్స్ ఫార్ములా అడగాలి. పని నడిచాక ఎంబీ, క్వాలిటీ కంట్రోల్ రిజిస్టర్ అడగాలి. 2005 సమాచార హక్కు చట్టం సెక్షన్ 2(జె) చదవండి. కాగితాలే కాదు, పనిని తనిఖీ చేసే హక్కు, వాడిన సామగ్రి నుంచి ధ్రువీకరించిన నమూనా తీసుకునే హక్కు కూడా అందులో ఉన్నాయి. జవాబుకు 30 రోజుల గడువు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకు ఫీజు లేదు.

రెండు. ఎస్టిమేటులో కాలువ ఉందా చూడాలి. లేకపోతే ముందు కొట్లాట దాని కోసమే. రోడ్డు మధ్య ఎత్తుగా, అంచులకు వాలుగా ఉండాలి. పక్క మట్టి రోడ్డు కంటే ఎత్తు ఉంటే నీళ్లు రోడ్డు మీదే నిలుస్తాయి.

మూడు. పని రోజున ఇద్దరు మనుషులు టిప్పర్ దగ్గర నిలబడాలి. బండి నంబరు, వచ్చిన టైము, థర్మామీటర్ అంకె రాసుకోవాలి, ఫోటో తీయాలి. 140 లేకపోతే పరచొద్దని ఏఈకి అక్కడే రాతపూర్వకంగా ఇవ్వాలి. మన ముక్క పొద్దున వేయమని అడగాలి.

నాలుగు. రోలర్ అంచుల నుంచి మధ్యకు రావాలి. చక్రాలకు మాలు అంటకుండా కొద్దిగా నీళ్లు చల్లుతారు, అది సరే. డీజిల్ చల్లితే ఆపండి, అది డాంబరును కరిగిస్తుంది. ప్రీమిక్స్ కార్పెట్ అయితే సీల్ కోటు పడేదాకా పని అయిపోయిందని ఎవరూ సంతకం పెట్టొద్దు, సర్పంచ్ అడిగినా సరే.

ఐదు. మొదటి వాన తర్వాత వాడంతా నడవండి. రోడ్డంతా ఆరిపోయాక కూడా ఏ చోటు తడిగా మిగిలిందో సుద్దతో గుండ్రం చుట్టి ఫోటో తీయండి. నీళ్లు లోపలికి పోయిన చోటు అదే. గుంత పడే దాకా ఆగకుండా ఆ ఫోటోతోనే దరఖాస్తు పెట్టండి.

ఆరు. ఈ పనంతా చేసేది మనవాళ్లే అని మరిచిపోవద్దు. 150 డిగ్రీల మాలు మోసే అక్కలకు బూట్లు, చేతి తొడుగులు ఉన్నాయా అడగండి. మన రోడ్డు కోసం ఇంకో వాడ ఆడవాళ్ల కాళ్లు కాలకూడదు. వాళ్ల మీద అరవకండి. మాలు చల్లారిందని అందరికంటే ముందు తెలిసేది వాళ్లకే. తట్ట ఎత్తగానే తెలుస్తుంది. వాళ్లను అడగండి, చెప్తారు.

థర్మామీటర్ కొనడానికి వాడలో ఇంటికి పది రూపాయలు వేసుకున్నాం. పదో తరగతి చదివే ఇద్దరు ఆడపిల్లలకు అంకె చూడటం, రాయడం నేర్పిస్తున్నా. ప్రస్తుతం అన్నం ఉడికే నీళ్లలో, ఎండకు కాగిన రేకుల మీద పెట్టి ప్రాక్టీస్ చేస్తున్నారు. దసరా తర్వాత పని మొదలవుతుందని చెప్పారు. ఎవరి మీదా కోపంతో నిలబడటం లేదు, అంకెతో నిలబడుతున్నాం. ఏఈ గారికి ఆ సంగతి ముందే చెప్పాం కూడా.

మీ వాడలో రోడ్డు పని ఉంటే ఈ నోట్సు ప్రింట్ తీసి రచ్చకట్ట దగ్గర అంటించండి. వచ్చే భాగంలో ఎంబీ చదవడం ఎట్లాగో రాస్తాను.

జై భీమ్.